అరకులో రెండు కుటుంబాలకు ఒకటే ఇల్లు: అద్దె, గదులు, వంట ఎలా పంచుకోవాలి?

పటమట అమ్మాయి (ప్రశ్న)

నమస్తే అండీ. డిసెంబరు చివర్లో అరకు వెళ్తున్నాం. మావారి స్నేహితుడి కుటుంబం కూడా వస్తోంది. అందరికీ కలిపి మూడు పడకగదుల ఇల్లు మూడు రాత్రులకి మాట్లాడుకున్నాం. రోజుకి 8,000, మొత్తం 24,000. అడ్వాన్సు మేమే కట్టాం.

మేము ఐదుగురం: మేమిద్దరం, తొమ్మిదేళ్ల పాప, నాలుగేళ్ల బాబు, మా అత్తగారు. వాళ్లు ముగ్గురు: భార్యాభర్తలు, ఏడేళ్ల బాబు. కింద ఒక గది ఉంది, అందులోనే కమోడ్ ఉన్న బాత్రూం. అత్తగారికి మోకాళ్ల నొప్పులు, మెట్లెక్కలేరు, కాబట్టి ఆ గది ఆవిడకే. పాప నానమ్మ దగ్గరే పడుకుంటుంది. మేడమీద రెండు గదులు. ఒకటి పెద్దది, కొండలవైపు బాల్కనీ, గీజర్ ఉన్న బాత్రూం. రెండోది చిన్నది, దాని బాత్రూం వరండా చివర, గీజర్ లేదు. ఈ రెంటిలో ఎవరికేది?

ఇల్లు ఖాయం చేశాక ఆ స్నేహితుడికి మొదటి రోజు సెలవు దొరకలేదట. వాళ్లు ఒక రోజు ఆలస్యంగా, విశాఖలో కిరండూల్ రైలెక్కి వస్తారు. అంటే వాళ్లు ఉండేది రెండు రాత్రులే.

మావారు "సగం సగం, మనవాళ్లతో లెక్కలేంటి" అంటున్నారు. నాకు మనసొప్పడం లేదు. రెండు గదులు మావి, మనుషులం మేమే ఎక్కువ. 12,000 అడిగితే వాళ్లు నోరెత్తకుండా ఇచ్చేస్తారు. అలా ఇచ్చేసే మనుషులు కాబట్టే అడగడానికి మొహమాటంగా ఉంది.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. పోయిన మే నెలలో వీళ్లతోనే కూనూరు వెళ్లాం. మూడు రోజులూ వంట నా మీదే పడింది. పొద్దున ఉప్మా, మధ్యాహ్నం పప్పు, చారు, సాయంత్రం పిల్లలకి పకోడీలు, రాత్రి మళ్లీ అన్నం. ఆ స్నేహితుడి భార్య వంటింటి గుమ్మం దాకా వచ్చి "ఏమైనా చెయ్యనా అక్కా" అనేది. నేను "పర్లేదులే" అనేదాన్ని. తను వెళ్లిపోయేది. ఆ మూడు రోజుల్లో నేను బయట కూర్చుని టీ తాగింది ఒక్కసారే. ఇంటికొచ్చాక మావారి మీద విసుక్కున్నాను, ఆయనకేమో ఎందుకో అర్థం కాలేదు. ఈసారి అలా కాకూడదు. మావారూ ఆ స్నేహితుడూ అమీర్‌పేటలో ఒకే గదిలో ఉండి ఉద్యోగాలు వెతుక్కున్నవాళ్లు, పన్నెండేళ్ల స్నేహం. దానికి చిన్న గీత కూడా పడనివ్వను.

గోదారి గట్టు

మేము ఎప్పుడూ తలకింత వేసుకుంటాం, పిల్లలకి సగం. మీ లెక్కలో మీవి నాలుగు వాటాలు, వాళ్లవి రెండున్నర. మీకు దాదాపు 14,770, వాళ్లకి 9,230 వస్తుంది. ఐదు నిమిషాల్లో తేలిపోతుంది, ఎవరూ అడ్డుచెప్పరు.

కోట పెద్దమ్మ

అమ్మాయ్, మాది శృంగవరపుకోట. అరకు దారి మా ఊరి మీదుగానే పోతుంది. ఘాట్ మలుపుల్లో నీ చిన్నాడికి వాంతులైతే ఆపడానికి చోటు చూసుకోండి, కడుపు నిండా తినిపించి ఎక్కించకు.

తలకింత అంటే మీ అత్తగారికీ ఒక పూర్తి వాటా పడుతుంది. ఆవిడ సగం చోట్లకి రాలేరు కూడా. నేనైతే అద్దెని రెండు ముక్కలు చేస్తాను. సగం, అంటే 12,000, హాలుకీ వంటింటికీ వాకిలికీ. అవి రెండు కుటుంబాలవీ కాబట్టి చెరి 6,000. మిగతా 12,000 గదుల మీద పంచు.

గదుల సంగతికి మా తాతగారి ఇంట్లో చూసిన పద్ధతి చెప్తాను. అన్నదమ్ములు పంచుకునేటప్పుడు పెద్దవాడు వాటాలు వెయ్యాలి, చిన్నవాడు ముందు ఏరుకోవాలి. అప్పుడు పెద్దవాడు ఒక వాటా బరువుగా, ఒకటి తేలిగ్గా వెయ్యడు. నువ్వూ అలాగే చెయ్యి. కింద గది 4,000, బాల్కనీ గది 5,000, చిన్నది 3,000 అనుకో. అనుకుని, మేడమీద ఏది కావాలో వాళ్లనే ఏరుకోమను. బాల్కనీది తీసుకుంటే వాళ్లకి మొత్తం 11,000, మీకు 13,000. చిన్నది తీసుకుంటే వాళ్లకి 9,000, మీకు 15,000. ఏది మిగిలినా నీకు బాధ ఉండకూడదు. ఉంటుందనిపిస్తే ఇప్పుడే రేట్లు మార్చు. ఒకటి మాత్రం గట్టిగా అనుకోండి: డిసెంబరు తెల్లవారుజామున అరకులో చన్నీళ్లు ముట్టుకోలేం, చిన్న గదిలో ఎవరున్నా కింద బాత్రూంలో వేన్నీళ్లకి వాళ్లకీ ఒక వేళ ఇవ్వాలి.

వాళ్లు రాని రాత్రికి తగ్గించాలా? మూడు గదుల ఇల్లు తీసుకుంది వాళ్లు వస్తారనే కదా. గది ఖాళీగా ఉన్నా అద్దె పోతూనే ఉంటుంది. ముందే చెప్పి ఉంటే వేరే మాట. కానీ ఆ రోజు పాలు, కూరలు, వాచ్‌మన్‌కి ఇచ్చేది మీరే పెట్టుకోండి.

వంట పూటల లెక్కన పంచుకోండి, పనుల లెక్కన వద్దు. "నువ్వు కూర తరుగు, నేను పోపు పెడతా" అనుకుంటే చివరికి గిన్నెలు ఒకళ్ల మీదే పడతాయి. ఒక పూట మీది అంటే కూరలు తేవడం దగ్గర్నుంచి పొయ్యిగట్టు తుడవడం దాకా మీదే. అందులో మగవాళ్లూ ఉన్నారు. ఒక పూట ఎలాగూ బయట బొంగులో చికెన్ తింటారు. మీ అత్తగారు తినకపోతే ఆ పూట ఆవిడకి పెరుగన్నం ఎవరు కలుపుతారో కూడా ముందే అనుకోండి.

అసలు గొడవ డబ్బు దగ్గర రాదమ్మా, ఇంట్లో ఉండిపోయేది ఎవరు అన్న దగ్గర వస్తుంది. వంజంగిలో మబ్బుల మీద సూర్యోదయం చూడాలంటే పాడేరు దాటి వెళ్లాలి, అరకు నుంచి చీకట్లోనే బయల్దేరాలి, పైకి నడక కూడా ఉంటుంది. మీ అత్తగారు రాలేరు, నాలుగేళ్లవాణ్ని ఆ చలిలో లేపలేవు. బొర్రా గుహల్లోనూ మెట్లు చాలా ఉన్నాయి. రెండుచోట్లా నువ్వే ఆగిపోతావు, ఎవరూ ఆగమని అనకుండానే. వంజంగికి నువ్వెళ్లు, మీ ఆయన ఇంట్లో ఉంటాడు. బొర్రా దగ్గర ఆ అమ్మాయో వాళ్లాయనో ఒక గంట మీ అత్తగారితో బయట కూర్చుంటారు. ఈ మాట బయల్దేరక ముందే అందరి ఎదుటా అనాలి.

మియాపూర్ మెట్రో

రెండు చిన్న విషయాలు. తాళం తీసిన వెంటనే ఇల్లంతా ఫోన్‌లో వీడియో తియ్యండి. మాకు ఒకచోట ముందే విరిగి ఉన్న కుళాయికి డిపాజిట్‌లో 1,500 కోశారు. ఎవరి పిల్లలు విరగ్గొట్టారా అని రెండు కుటుంబాలూ ఒకళ్లనొకళ్లు చూసుకున్నాం. పిల్లలెవరూ దాన్ని ముట్టుకోనే లేదని తర్వాత పాత ఫొటోలో కనపడింది. ఇంకోటి, ఉమ్మడి పర్సు ఒకటి పెట్టుకోండి. చెరి 3,000 అందులో వేసి పాలు, గ్యాసు, టిక్కెట్లు అన్నీ అందులోంచే ఇవ్వండి. మీ కారులో ఎనిమిది మంది పట్టరు కాబట్టి జీపు మాట్లాడుకోవాల్సి వస్తుంది, అది మాత్రం తలకింతే న్యాయం.

పటమట అమ్మాయి

అందరికీ థాంక్స్ అండీ. పెద్దమ్మగారూ, మీరు రాసింది మావారికి చదివి వినిపించాను. "ఇంట్లో ఉండిపోయేది ఎవరు" అన్నచోట ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత "కూనూరులో నేను బొటానికల్ గార్డెన్‌కి రెండుసార్లు వెళ్లాను, నువ్వు ఒక్కసారీ రాలేదు" అన్నారు. అది సిమ్స్ పార్కు. అయినా గుర్తుంది, చాలు.

నిన్న రాత్రి ఆ అమ్మాయికి నేనే ఫోన్ చేశాను. గదుల రేట్లు చెప్పి ఏరుకోమన్నాను. బాల్కనీది తీసుకుంటామంది, 11,000 వెంటనే పంపేసింది. చిన్న గది మాకే వచ్చింది. నాకేం బాధ లేదు, 5,000, 3,000 అని రాత్రి రెండుసార్లు ఆలోచించి పెట్టినవే.

వంట మాట ఎత్తడానికి భయపడ్డాను. పూటలు పంచుకుందామా అనగానే తను గబగబా చెప్పుకొచ్చింది. కూనూరులో మొదటి రోజు తను చారు పెట్టబోతే మా అత్తగారు "మా ఇంట్లో చింతపండు అంత వెయ్యం" అన్నారట. తన చెయ్యి ఆవిడకి నచ్చదేమోనని ఆ తర్వాత వంటింట్లోకి రాలేదట. ఆ మాట అన్నప్పుడు నేను పక్క గదిలో బాబుకి స్నానం చేయిస్తున్నాను, వినలేదు. ఏడు నెలలుగా తనని తప్పుగా అనుకున్నాను.

రెండో రోజు మధ్యాహ్నం, మూడో రోజు రాత్రి వంట వాళ్లది. చారు తనే పెడుతుంది, తనకి నచ్చినట్టే. అత్తగారితో ఈ ఆదివారం నేను మాట్లాడతాను.