బోర్డు కనిపించని చోట పార్కింగ్ చలాన్ వేశారు, ఎలా సవాలు చేయాలి?

ప్రశ్న (వీధిదీపం):
నో పార్కింగ్ బోర్డు చెట్టుకొమ్మల్లో కలిసిపోయి ఉన్న వీధిలో బండి పెడితే చలాన్ రాశారు. త్వరగా కడితే జరిమానాలో తగ్గింపు ఉంటుందని దాని మీదే ఉంది. ముందు కట్టేసి, తర్వాత అభ్యంతరం చెప్పొచ్చా? ఏ ఆధారాలుంటే నిలబడుతుంది?

నాలుగోగేరు:
ముందు కట్టకండి. చాలా నగరాల్లో డబ్బు కడితే తప్పు ఒప్పుకున్నట్టే లెక్క, ఫైలు అక్కడితో మూసేస్తారు. గడువు మాత్రం దాటనివ్వొద్దు. చలాన్ మీద వేసిన ఆఖరు తేదీ అర్జీ పంపడానికా, వాళ్లకు చేరడానికా అన్నది జాగ్రత్తగా చదవండి. అభ్యంతరం తేలేదాకా తగ్గింపు ఉంటుందా పోతుందా అన్నది ఊరికో తీరు, అదీ కనుక్కోండి.

ఇక ఫోటోలు. ఈరోజే తీయండి. రేపు ఎవరైనా కొమ్మలు కొట్టేస్తే మీ చేతిలో ఏమీ మిగలదు. బోర్డు కిందికెళ్లి తీసిన ఫోటో ఒక్కటే పంపితే దెబ్బతింటారు. అంత దగ్గర్నుంచి అక్షరాలు చక్కగా కనబడతాయి, అది వాళ్లకే సాక్ష్యమవుతుంది. వీధిలోకి బండి తిరిగే మలుపు దగ్గర మొదలుపెట్టి, డ్రైవరు కళ్ల ఎత్తులో ఫోన్ పట్టుకుని, జూమ్ వాడకుండా, నాలుగైదు అడుగులకొకటి తీసుకుంటూ రండి. బండి ఆపిన చోటు, బోర్డు స్తంభం ఒకే ఫ్రేములో పడాలి. ఈ మలుపు నుంచి ఆ మలుపు దాకా రెండు వైపులా వీడియో కూడా తీయండి, ఎందుకంటే "అవతలి చివర ఇంకో బోర్డు ఉంది కదా" అనేది తరచూ వచ్చే జవాబు. కాలిబాట అంచుకు పార్కింగ్ వద్దని తెలిపే రంగు వేసి ఉందేమో చూడండి. ఉంటే బోర్డు వాదన బాగా బలహీనపడుతుంది.

వాట్సాప్‌లో ఫోటోగా పంపుకున్న కాపీలు వద్దు. తీసిన సమయం, చోటు వివరాలు అందులో పోతాయి. ఫోన్లో ఉన్న అసలు ఫైలే దాచండి.

ఎర్రగీత:
చలాన్ రాసిన సిబ్బంది తీసిన ఫోటోలు, రాసుకున్న నోట్సు ముందే అడిగి తీసుకోండి. చాలాసార్లు వెబ్‌సైట్లో బండి నంబరు కొడితేనే వస్తాయి. వాళ్ల ఫోటోలో బోర్డు లేకపోతే ఆ మాట అర్జీలో మొదటి పేరాలోనే రాయాలి. బండి రంగు తప్పుగా పడిందని కొట్టేయరు. నంబరు, వీధి పేరు, సమయం, సెక్షన్ తప్పయితే గట్టి పట్టు దొరికినట్టే.

అర్జీ ఒక్క పేజీ చాలు. "రెండే నిమిషాలు ఆపాను", "పక్కన ఇంకో నాలుగు బళ్లున్నాయి" లాంటివి రాయకండి. అవి బండి అక్కడ ఆపినట్టు మీరే ఒప్పుకోవడం. సిబ్బందిని తిట్టొద్దు. మొదటి దశలో తిరస్కరిస్తే కంగారుపడకండి. అది వాళ్ల ఆఫీసులోనే జరిగే పరిశీలన. పైన విచారణాధికారి ఉంటే, అదే కట్ట పట్టుకుని అక్కడికి వెళ్లండి.

మూడోమలుపు:
పార్కింగ్ యాప్‌లో బండి నిలిపినందుకు రుసుము కట్టినా చలాన్ వచ్చింది. యాప్‌లో కొట్టిన బండి నంబరులో ఓ అక్షరం బదులు సున్నా పడింది. దీనికి అవకాశం ఉందా?

ఎర్రగీత:
ఉందండి. రసీదు, బ్యాంకు స్టేట్‌మెంటు, ఆర్‌సీ మూడూ జతచేయండి. జోన్ నంబరు, మొదలైన సమయం, ముగిసిన సమయం రసీదులో కనబడాలి. తప్పుగా పడిన నంబరుతో ఇంకో బండి మీ పేరున లేదని కూడా ఒక వాక్యం రాయండి.