కృష్ణబిలాన్ని తాకిన తరంగం బలం పుంజుకొని ఎలా వస్తుంది?

ప్రశ్న: మాస్టారూ, నేను ఎమ్మెస్సీ ఫిజిక్స్ మొదటి ఏడాది. తిరిగే కృష్ణబిలం మీదికి తరంగాన్ని పంపితే, పంపినదానికంటే బలంగా వెనక్కి వస్తుందని క్లాసులో చెప్పారు. లోపలికి పోతే కాంతికే దిక్కులేదు కదా, మరి ఈ అదనపు శక్తి ఎక్కడిది? రెండు రోజులుగా బుర్రకెక్కడం లేదు.

జవాబు: లోపలికి వెళ్లింది తిరిగి వస్తుందని అనుకోవడంతోనే చిక్కు మొదలైందమ్మా. క్షితిజం, అంటే దాటితే కాంతి కూడా తిరిగి రాలేని సరిహద్దు, దాటింది ఎప్పటికీ రాదు. క్షితిజానికి బయట ఎర్గోస్ఫియర్ అనే ప్రాంతం ఉంది చూడు, అక్కడ ఏదీ కదలకుండా నిలబడలేదు, బిలంతోపాటు తిరగాల్సిందే. దూరంగా ఉన్న మన లెక్కలో రుణశక్తి గల తరంగం అక్కడ సాధ్యం. ఆ రుణభాగం బిలంలో పడితే, బయటికి చెదిరిన భాగం పంపినదానికంటే పెద్దదవుతుంది. ఖర్చయ్యేది బిలం భ్రమణశక్తి.

నమ్మకం కుదరాలంటే ఈ చిన్న లెక్క నువ్వే చెయ్యి. తరంగం మోసుకెళ్లే కోణీయ ద్రవ్యవేగాన్ని శక్తితో భాగిస్తే, 'ఎం' బై కోణీయ పౌనఃపున్యం వస్తుంది ('ఎం' అంటే బిలం అక్షం చుట్టూ ఒక చుట్టులో తరంగానికి ఎన్ని శిఖరాలుంటాయో చెప్పే పూర్ణాంకం). ఇక బిలం క్షితిజ వైశాల్యం తగ్గకూడదు. అంటే బిలం ద్రవ్యరాశిలో మార్పు, క్షితిజపు కోణీయ వేగాన్ని కోణీయ ద్రవ్యవేగంలో మార్పుతో గుణించినదానికంటే తక్కువ కాకూడదు. రెండూ కలిపి చూడు: పౌనఃపున్యం 'ఎం' రెట్ల క్షితిజ వేగం కన్నా తక్కువైతే, బిలం ద్రవ్యరాశి తగ్గక తప్పదు. పౌనఃపున్యం అంతకు మించితే బిలం మామూలుగానే మింగుతుంది.

ఇంకొకరు: ఎంత పెరుగుతుంది సార్? ఎవరైనా ప్రయోగంలో చూశారా?

జవాబు: గరిష్ఠ వేగానికి దగ్గరగా తిరిగే బిలం దగ్గర, ఒక్కసారి చెదిరితే విద్యుదయస్కాంత తరంగాలకు దాదాపు 4.4 శాతం, గురుత్వ తరంగాలకు 138 శాతం దాకా. నాకు ఈ రెండో అంకె ఇప్పటికీ అబ్బురమే. బిలం దగ్గర చూసినవాళ్లు లేరు. కానీ తిరిగే లోహపు స్తూపం కూడా ఇలాగే తరంగాన్ని పెంచుతుందని 1971లో సోవియట్ భౌతిక శాస్త్రవేత్త జెల్దోవిచ్ చెప్పాడు. 2017లో నాటింగ్‌హామ్ విశ్వవిద్యాలయం వాళ్లు తొట్టెలో సుడి తిప్పి, నీటి అలలు పెరగడం కొలిచారు.

ప్రశ్న: లెక్క వచ్చింది మాస్టారూ! మరి ఎలక్ట్రాన్ తరంగాలు కూడా పెరుగుతాయా?

జవాబు: భేష్. అవి పెరగవమ్మా. ఎలక్ట్రాన్ వంటి అర్ధ పూర్ణాంక స్పిన్ కణాల్ని ఫెర్మియాన్లు అంటాం; వాటి విషయంలో క్షితిజం వైపు పోయే కణప్రవాహం ఎప్పుడూ లోపలికే. ఎలక్ట్రాన్ తరంగాలను వర్ణించే డిరాక్ సమీకరణంతో అదీ చేసి చూడు, చిక్కుపడితే ఇక్కడే రాయి.