‘నిరోధో’ అంటే దిగమింగుకోవడమా?

శ్రీకాకుళం నుంచి ప్రశ్న:
బౌద్ధ శిథిలాలున్న శాలిహుండం కొండ ఎక్కి వచ్చిన దగ్గర్నుంచి బౌద్ధం గురించి కాస్త చదువుతున్నాను. ఈ పాళీ గాథ దగ్గర ఆగిపోయాను.

యే ధమ్మా హేతుప్పభవా
తేసం హేతుం తథాగతో ఆహ
తేసఞ్చ యో నిరోధో
ఏవంవాదీ మహాసమణో

హేతువు వల్ల పుట్టినవాటికి హేతువేదో తథాగతుడు, అంటే బుద్ధుడు, చెప్పాడు, వాటి నిరోధమూ చెప్పాడు, మహాశ్రమణుడి మాట ఇదీ అని అర్థం చేసుకున్నాను. నిరోధం అంటే అడ్డుకోవడమే కదా? ఇంట్లో ఎవరైనా పోతే మన పెద్దవాళ్లు ‘దిగమింగుకోవాలమ్మా’ అంటారు. బుద్ధుడు చెప్పిందీ అదేనా మాస్టారూ?

విజయనగరం నుంచి జవాబు:
కాదమ్మా. మన వాడుకలో నిరోధించాలంటే అడ్డం నిలబడే మనిషి ఒకడుండాలి. ఈ గాథలో అలాంటివాడు లేడు. వరస చూడండి, ముందు హేతువు, ఆ తర్వాతే నిరోధం. హేతువు పోతే దాన్ని పట్టుకుని ఉన్నది దానంతట అదే ఆగిపోతుంది. సుత్తాల్లో, అంటే బుద్ధుడి బోధల్లో, దీనికి దీపాన్ని చూపిస్తారు. నూనె, వత్తి అయిపోతే దీపం ఆరిపోతుంది, ఎవరూ ఊదక్కర్లేదు.

దుఃఖానికి హేతువు తణ్హా, అంటే తృష్ణ. సారనాథ్‌లో చేసిన తొలి బోధలో దీన్ని మూడు రకాలుగా చెప్పాడు: కామ, భవ, విభవ. మొదటి రెండూ అందరికీ తెలిసినవే, ఇంకా కావాలనీ ఇలాగే ఉండాలనీ. మూడోది చిత్రమైనది. ‘ఇది లేకుండా పోతే బాగుణ్ణు’ అన్న ఆరాటం కూడా తృష్ణే అని కొందరు గురువులు వివరిస్తారు. ఆ లెక్కన బాధను లోపలికి నొక్కేయాలన్న పట్టుదల నూనె పోయడమే అవుతుంది!

ఆ బోధలోనే దుఃఖం, దాని హేతువు, నిరోధం, మార్గం అనే నాలుగు సత్యాలకూ నాలుగు వేరు పనులున్నాయి. దుఃఖాన్ని పూర్తిగా తెలుసుకోవాలి, తృష్ణను వదలాలి, నిరోధాన్ని స్వయంగా అనుభవానికి తెచ్చుకోవాలి, అష్టాంగ మార్గాన్ని సాధన చేయాలి. వదలమన్నది తృష్ణను, దుఃఖాన్ని కాదు. చాలామంది ఇక్కడే తికమకపడతారు.

అన్నట్టు శాలిహుండం దిబ్బలను 1919లో గుర్తించింది మన గిడుగు రామమూర్తి గారే. వాడుక భాష గొడవల మధ్య ఆయనకు అంత తీరిక ఎలా దొరికిందో!

టెక్కలి నుంచి:
పుస్తకంలో బాగానే ఉంటుంది మాస్టారూ. మా అమ్మ పోయి ఏడాది కాలేదు. తృష్ణ వదలమంటే అమ్మ మీద ప్రేమ వదిలేయమనా?

విజయనగరం నుంచి:
లేదు బాబూ. ‘పియేహి విప్పయోగో దుక్ఖో’ అని ఆ బోధలోనే ఉంది. అయినవాళ్లకు దూరం కావడం దుఃఖమేనని ముందే ఒప్పుకున్నాడు. బుద్ధుడు కన్నుమూసే ముందు, ఆయన్ను సేవించే శిష్యుడు ఆనందుడు విహారంలోకి వెళ్లి, తలుపును ఆనుకుని ఏడుస్తూ నిలబడ్డాడు. బుద్ధుడు కబురు చేసి పిలిపించి ‘ఏడవకు’ అనే అన్నాడు, నిజమే. కానీ అక్కడితో ఆపలేదు. ఇష్టమైనవాటితో ఎడబాటు తప్పదని ఇదివరకే చెప్పాను కదా, పుట్టినది పోకుండా ఎలా ఉంటుంది అన్నాడు. ఇన్నేళ్లూ ప్రేమగా సేవ చేశావు, గొప్ప పుణ్యం చేసుకున్నావు అన్నాడు. ఆ ప్రేమను తప్పు పట్టలేదు. ఆ తర్వాత తోటి భిక్షువుల ముందు ఆనందుణ్ని మెచ్చుకున్నాడు కూడా.

టెక్కలి నుంచి:
ఇది ఎందులో ఉంది?

విజయనగరం నుంచి:
దీఘనికాయం అనే పాళీ సుత్తాల సంపుటిలో, మహాపరినిబ్బాన సుత్తం. పెద్దదే, తీరిక చేసుకుని చదవండి.