ఉదాసీనతా వక్రరేఖలు ఎందుకు ఖండించుకోవు? ఎల్లుండే పరీక్ష

డిగ్రీ_రెండో_ఏడు: రెండు ఉదాసీనతా రేఖలు, అంటే ఒకే తృప్తినిచ్చే వస్తువుల జతలను కలిపే గీతలు, ఖండించుకోవని బట్టీ పట్టాను. ఎందుకో రాయమంటే చెయ్యి ఆగిపోతోంది. ధర ప్రభావాన్ని (ధర మారితే కొనే పరిమాణంలో వచ్చే మార్పును) ప్రత్యామ్నాయ, ఆదాయ ప్రభావాలుగా విడదీయడంలో హిక్స్ పద్ధతికీ స్లట్‌స్కీ పద్ధతికీ తేడా కూడా చెప్పండి. టెన్షన్‌గా ఉంది.

పోయిన_మార్కులు: అవన్నీ తర్వాత. రేఖల మీద 10, 20 అని అంకెలు మాత్రం వేయకు. నేను వేసి, పై రేఖ మీద తృప్తి రెట్టింపు అని రాశాను. జవాబు మొత్తానికి సున్నా.

పాఠాల_మాస్టారు: పద్దెనిమిదేళ్లుగా ఈ పాఠం చెబుతున్నాను. అంకెలు వేయడం తప్పు కాదు.

పోయిన_మార్కులు: మరి నాకు సున్నా ఎందుకొచ్చింది సర్?

పాఠాల_మాస్టారు: రెట్టింపు అన్నందుకు. 10, 20 తీసేసి 1, 1000 వేసినా ఆ మనిషి ఎంపికలు మారవు. ఏది ముందు, ఏది వెనక అన్న వరుస చెప్పడానికే ఆ అంకె. తృప్తిని కొలవకుండానే డిమాండ్‌ను వివరించవచ్చని 1934లో ఆర్థికవేత్తలు హిక్స్, అలెన్ చూపించారు. అది వదిలేసి పేపర్ దిద్దినవాళ్లను తిడితే ఎలా?

పోయిన_మార్కులు: నేనెవరినీ తిట్టలేదు. మాటలు అంటగట్టకండి.

కుడి_బూటు: రేఖ ఎప్పుడూ మూలబిందువు వైపు వంగే ఉంటుందని రాయకు. కుడి బూటు, ఎడమ బూటు తీసుకుంటే లంబకోణంలా వస్తుంది. రంగు పట్టించుకోనివాడికి నల్ల పెన్ను, నీలం పెన్ను అయితే సరళరేఖే.

గీతల_పిచ్చి: అడిగింది వదిలేశారు! A దగ్గర రెండు రేఖలు కలిశాయనుకో. ఒక రేఖ మీద B, రెండో దాని మీద C తీసుకో. A, B సమానం. A, C సమానం. కాబట్టి B, C సమానం కావాలి. కానీ Bలో C కంటే రెండు వస్తువులూ ఎక్కువే ఉండేలా గీస్తావు. అక్కడే పొసగదు.

కప్పు_చాక్లెట్: కాగితం మీద బాగానే ఉంది. 1989లో ఆర్థికవేత్త నెట్ష్ చేసిన ప్రయోగంలో కొందరికి ముందే కప్పు ఇచ్చారు, కొందరికి చాక్లెట్. మార్చుకోవచ్చన్నా రెండు గుంపుల్లోనూ పదిలో తొమ్మిది మంది దాకా చేతిలో ఉన్నదే ఉంచుకున్నారు. ఎక్కడ మొదలుపెట్టామన్న దాన్నిబట్టి రేఖే మారుతోంది మరి!

పాఠాల_మాస్టారు: పరీక్ష ముందు పిల్లాణ్ని గందరగోళపెట్టకండి.

కప్పు_చాక్లెట్: నిజం చెబితే గందరగోళమా?

డిగ్రీ_రెండో_ఏడు: హిక్స్, స్లట్‌స్కీ సంగతి?

గీతల_పిచ్చి: ధర తగ్గాక, హిక్స్ పాత ఉదాసీనతా రేఖను తాకేదాకా ఆదాయం తగ్గిస్తాడు. స్లట్‌స్కీ పాత బుట్టను, అంటే ముందు కొన్న వస్తువులనే, సరిగ్గా కొనగలిగేంత ఉంచుతాడు.

డిగ్రీ_రెండో_ఏడు: అయితే స్లట్‌స్కీ బడ్జెట్ రేఖ (ఉన్న డబ్బుతో కొనగలిగే జతల గీత) పాత బిందువు గుండానే పోవాలి. గీసి ఫోటో పెడతాను, చూడండి.