మిషిగన్ చలికాలానికి ఏ హైబ్రిడ్: రావ్4, సీఆర్-వీ, ఫారెస్టర్?

కాంటన్ కాపురం:
డెట్రాయిట్ పక్కన కాంటన్‌లో ఉంటున్నాము. చలి ముదిరేలోపు హైబ్రిడ్ ఎస్‌యూవీ కొనాలి. 2025 టయోటా రావ్4, హోండా సీఆర్-వీ రెండూ నడిపి చూశాము. సుబారు ఫారెస్టర్ హైబ్రిడ్ కూడా మనసులో ఉంది. నా భార్య ఆన్ ఆర్బర్‌లో ఒక ఆసుపత్రి ల్యాబులో రాత్రి డ్యూటీ చేస్తుంది. తెల్లవారుజామున, ఒక్కోసారి మంచు కరగడానికి రోడ్డు మీద ఉప్పు చల్లే లారీ తిరగకముందే, ఎం-14 రహదారి మీదుగా ఇంటికి రావాలి. జనవరిలో మా అత్తగారు, మామగారు గుంటూరు నుంచి వస్తున్నారు. మామగారికి మోకాళ్ల నొప్పులు. సౌకర్యం, మలుపుల్లో పట్టు, మంచులో భద్రత చూసి ఏది మేలో చెప్పండి.

ఫార్మింగ్టన్ రావు:
రావ్4 తీసుకోండి, ఇందులో ఆలోచించడానికి ఏమీ లేదు. 2.5 లీటర్ల ఇంజను, 219 హార్స్‌పవర్, గ్యాలనుకు 40 మైళ్లకు అటూ ఇటూ. ఈ 2025 హైబ్రిడ్‌లో ఏ ట్రిమ్ (మోడల్‌లోని రకం) కొన్నా ఏడబ్ల్యూడీ, అంటే నాలుగు చక్రాలకూ బలం అందే ఏర్పాటు, దానితోనే వస్తుంది. అన్నిటికన్నా ముఖ్యం, అమ్మాలనుకున్న రోజు వారం తిరగకుండా అమ్ముడుపోతుంది.

గ్రాండ్ రాపిడ్స్ లక్ష్మి:
రావు గారూ, ఆ ఏడబ్ల్యూడీ ఎలా పనిచేస్తుందో కూడా చెప్పండి. రావ్4 హైబ్రిడ్‌లో ఇంజను నుంచి వెనుక చక్రాలకు బలం అందించే షాఫ్టు లేదు. వెనుక చక్రాలను తిప్పేది 54 హార్స్‌పవర్ విద్యుత్ మోటారు ఒక్కటే. సీఆర్-వీ ఏడబ్ల్యూడీలో అయితే షాఫ్టు ఉంది. అయినా నా అసలు మాట అది కాదు. వింటర్ టైర్లు వేయించండి. మంచులో బండి కదలడం ఒక సంగతి, ఆగడం మరొక సంగతి. ఏడబ్ల్యూడీ కదలడానికే సాయం చేస్తుంది. బ్రేకు తొక్కినప్పుడు రోడ్డును పట్టుకోవలసింది టైరు. మామూలు ఆల్ సీజన్ టైరు రబ్బరు 7 డిగ్రీల సెల్సియస్ కంటే చలి పెరిగితే గట్టిపడుతూ పోతుంది. టైరు పక్కన మూడు శిఖరాల కొండ, అందులో మంచు రేకు గుర్తు ఉందో లేదో చూసి కొనండి.

ట్రాయ్ వాసి:
ఫారెస్టర్‌ను ఎవరూ పట్టించుకోవడం లేదు. నేలకు 8.7 అంగుళాల ఎత్తు. షాఫ్టుతో నడిచే అసలైన ఏడబ్ల్యూడీ.

ఫార్మింగ్టన్ రావు:
ఫారెస్టర్ హైబ్రిడ్ మైలేజీ 35. దాని మాట అక్కడితో సరి.
లక్ష్మి గారూ, 54 హార్స్‌పవర్ తక్కువ అంటున్నారు. మంచులో నిలిచిన బండిని కదిలించడానికి ఎంత కావాలి? విద్యుత్ మోటారు మొదటి క్షణం నుంచే పూర్తి బలం ఇస్తుంది. మా ఇంటి వాకిలి ఏటవాలుగా ఉంటుంది. పక్కింటివారి బండి చక్రాలు తిరుగుతూ ఉండిపోయిన రోజు కూడా నాది ఎక్కింది. షాఫ్టు ఉందా లేదా అని పట్టుకు కూర్చుంటే పని జరగదు.

గ్రాండ్ రాపిడ్స్ లక్ష్మి:
నేను ఆగడం గురించి రాస్తే మీరు మళ్లీ ఎక్కడం గురించే చెబుతున్నారు. మిషిగన్ సరస్సు మీది గాలి తెచ్చే మంచులో ఉంటున్నాను నేను. ఒక డిసెంబరు సాయంత్రం మా ఏడబ్ల్యూడీ బండి స్టాప్ గుర్తు దాటి కూడలి మధ్యకు జారిపోయింది. వెనుక సీటులో మా పాప ఉంది. బ్రేకు తొక్కే ఉంచాను, చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ టకటక కొడుతూనే ఉంది, బండి మాత్రం ఆగలేదు. అవతలి నుంచి వాహనం రాకపోవడం వల్లే బయటపడ్డాము. టైర్లు కొత్తవే, కానీ ఆల్ సీజన్‌వి. కెనడాలో క్యుబెక్ ప్రభుత్వం డిసెంబరు 1 నుంచి మార్చి 15 వరకు వింటర్ టైర్లు తప్పనిసరి చేసింది, ఏడబ్ల్యూడీ కాదు. మన రాష్ట్రంలో అలాంటి నియమం లేదు కాబట్టి మనమే జాగ్రత్తపడాలి. డబ్బు సరిపోకపోతే ముందు చక్రాల డ్రైవ్ ఉన్న సీఆర్-వీ హైబ్రిడ్ కొని, మిగిలింది టైర్ల మీద పెట్టండి.

నోవై శర్మ:
చలికాలంలో మైలేజీ లెక్కలను నమ్మకండి. క్యాబిన్ వెచ్చగా ఉంచడానికి ఇంజను మాటిమాటికీ ఆన్ అవుతుంది, చల్లబడిన బ్యాటరీ కూడా సరిగా సాయం చేయదు. మైనస్ 7 డిగ్రీల దగ్గర మామూలు పెట్రోలు కారు మైలేజీ సుమారు 15 శాతం తగ్గితే, హైబ్రిడ్‌ది 30 నుంచి 34 శాతం వరకు తగ్గవచ్చని ప్రభుత్వ ఇంధన వెబ్‌సైటే చెబుతోంది.

ఫార్మింగ్టన్ రావు:
తగ్గినా రెండు హైబ్రిడ్‌లకూ తగ్గుతుంది కదా శర్మ గారూ. ఏడబ్ల్యూడీ సీఆర్-వీ లెక్క 37 దగ్గరే మొదలవుతుంది.
ముందు చక్రాల బండి కొనమని మిషిగన్‌లో ఎవరికైనా చెబుతారా? రేపు దానిని ఇక్కడ ఎవరు కొంటారు?

గ్రాండ్ రాపిడ్స్ లక్ష్మి:
రాత్రి డ్యూటీ ముగించుకుని మంచులో వచ్చే మనిషి గురించి ఆయన అడిగితే, మొదటి జవాబు నుంచి అమ్మకం మాటే ఎత్తుతున్నారు. కొనకముందే అమ్మేస్తున్నారు మీరు.

ఫార్మింగ్టన్ రావు:
అవును, అమ్మకం మాటే ఎత్తుతాను. నా ఉద్యోగం పోయినప్పుడు హెచ్-1బీ వీసా మీద కొత్త ఉద్యోగం వెతుక్కోవడానికి 60 రోజుల గడువు ఇచ్చారు. అప్పటికి నా దగ్గర ఉన్నది చక్కగా నడిచే బండి. మలుపుల్లో దానికి సాటి లేదని నేనూ మురిసిపోయేవాడిని. డీలరు దగ్గరికి తీసుకువెళితే అప్పు తీరడానికి కూడా చాలని ధర చెప్పాడు. ఒక చేత్తో ఇంటర్వ్యూలు, ఇంకో చేత్తో పిల్లల బడి కాగితాలు, వీటి మధ్య ఆ కారు అప్పు. సొంత డబ్బు కలిపి మరీ వదిలించుకున్నాను. గ్రీన్ కార్డు చేతిలో ఉన్నవారు టైర్ల గురించి, స్టీరింగు గురించి తీరుబడిగా మాట్లాడవచ్చు. మా పరిస్థితి అది కాదు.

గ్రాండ్ రాపిడ్స్ లక్ష్మి:
నా చేతిలో గ్రీన్ కార్డు ఉందని మీకు ఎవరు చెప్పారు? మా దరఖాస్తు తేదీ 2016. మీరు నిలబడ్డ వరుసలోనే మేమూ ఉన్నాము. ఆ 60 రోజుల భయం నాకు తెలియనిది కాదు. కానీ రేపు వెళ్లిపోతామేమో అని మంచి టైర్లు వద్దు, మంచి పరుపు వద్దు, పిల్లకు పియానో వద్దు అనుకుంటూ ఇన్నేళ్లు గడిపాము. ఆ రోజు కూడలిలో బండి జారుతున్నప్పుడు నాకు వీసా గుర్తు రాలేదు. ఉన్నన్నాళ్లు ఇక్కడ ఉన్నట్టే బతకాలని అప్పుడే గట్టిగా అనుకున్నాను. మీకూ నాకూ పేచీ ఇక్కడే ఉంది రావు గారూ, షాఫ్టు దగ్గర కాదు.

ఫార్మింగ్టన్ రావు:
మీకు గ్రీన్ కార్డు ఉందన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. మిగిలినదంతా అలాగే ఉంచుతున్నాను. ఇద్దరు పిల్లలతో విమానం ఎక్కవలసి వస్తే చేతిలో డబ్బు ఉండటం కూడా భద్రతే.

ట్రాయ్ వాసి:
2019 నుంచి 2022 వరకు వచ్చిన కొన్ని రావ్4 హైబ్రిడ్‌లలో వెనుక మోటారుకు వెళ్లే కేబుల్ దగ్గర ఉప్పునీటికి తుప్పు పట్టిన సంగతి ఎవరైనా చెబుతారేమో అని చూస్తున్నాను. టయోటా దానికి వారంటీ పొడిగించింది. పాతది కొనేవారు ఒకసారి కిందికి వంగి చూసుకోవాలి.

కాంటన్ కాపురం:
నేను ఆయన భార్యను, ఇదే ఖాతా నుంచి రాస్తున్నాను. నడిపేది నేను. ఇంతసేపు చదివాను, నాకు రెండు బళ్లలో ఎలా అనిపించిందని ఒక్కరూ అడగలేదు. ఎం-14 ఎక్కేటప్పుడు గట్టిగా తొక్కితే రావ్4 ఇంజను మోత బాగా వినిపించింది. రాత్రంతా మెలకువగా ఉన్న తలకు ఆ మోత చాలా కష్టం. సీఆర్-వీ కూడా అరుస్తుంది కానీ కొంచెం నయం. స్టీరింగులో రోడ్డు ఎలా ఉందో చేతికి తెలిసింది. వెనుక కాళ్ల చోటు దానిలో 41 అంగుళాలు, రావ్4లో 38 కూడా లేదు. మా నాన్న కాలు చాపుకోవాలంటే ఆ మూడు అంగుళాలు కావాలి. మా ఆయన వీసా కాగితాలు ఎలా ఉన్నాయో నాకూ తెలుసు. అయినా సీఆర్-వీ ఏడబ్ల్యూడీయే కావాలని ఈయనకు చెప్పాను. లక్ష్మి గారూ, 18 అంగుళాల చక్రాలు ఉన్న ట్రిమ్‌కు ఏ సైజు వింటర్ టైర్లు అడగాలి? అపార్ట్‌మెంటులో మిగతా నాలుగూ ఎక్కడ దాచాలి?

గ్రాండ్ రాపిడ్స్ లక్ష్మి:
235/60ఆర్18. విడిగా నాలుగు రిమ్ములు కూడా కొంటే ప్రతి ఏడూ టైర్లు ఊడదీసి ఎక్కించే ఖర్చు తప్పుతుంది. చాలా టైర్ల దుకాణాలు రుసుము తీసుకుని వేసవి వరకు దాచిపెడతాయి. నవంబరు మొదటి వారంలోనే సమయం తీసుకోండి, మొదటి మంచు పడ్డాక వరుస కడతారు.

ఫార్మింగ్టన్ రావు:
రిమ్ములు తీసుకోండి అమ్మా. వాటిని విడిగా అమ్ముకోవచ్చు.