డిసెంబర్లో తెల్లవారుజాము పరుగు: కొనసాగించాలా, వేళ మార్చాలా?

లాంగ్‌రన్ కూకట్‌పల్లి:
కార్తీకం అయిపోయింది. జనవరి మూడో ఆదివారం ముంబై మారథాన్, 42.195 కిలోమీటర్లు. అంటే మా శిక్షణలో అన్నిటికన్నా పొడవైన పరుగులు డిసెంబర్లోనే పడతాయి. బృందం ఎప్పటిలాగే ఆదివారం 4:30కి నెక్లెస్ రోడ్డు మీద కలుద్దామంటోంది. నేను వద్దంటున్నాను. ఆరుబయట పరుగు మానమనడం లేదు, వేళ మార్చి ఎండెక్కాక పెట్టమంటున్నాను.

చలి గురించి కాదు నా గొడవ. 15 డిగ్రీలంటే పరుగుకి పండగే. భయమంతా గాలితోనే. చలికాలం రాత్రిళ్లు నేల తొందరగా చల్లబడుతుంది. దాన్ని ఆనుకున్న గాలి కూడా చల్లబడి కిందే ఉండిపోతుంది, పైన వెచ్చటి గాలి మూతలా కూర్చుంటుంది. రాత్రంతా లారీలు వదిలిన పొగ, చెత్త మంటల పొగ ఆ మూత కిందే. ఎండ గట్టిపడితేగానీ అది చెదరదు. ఊరికే కూర్చుంటే నిమిషానికి 6–8 లీటర్ల గాలి పీలుస్తాం, గట్టిగా పరుగెడితే 60 దాటుతుంది, అదీ నోటితో. పోయిన వారం 24 కిలోమీటర్లయ్యాక మెడలో ఉన్న తెల్ల రుమాలుతో ముక్కు తుడుచుకుంటే రెండు నల్లటి చారలు పడ్డాయి. ఆ రుమాలు ఇంకా ఉతకలేదు, బృందానికి చూపించాలని.

ఐదింటి బ్యాచ్:
అన్నా, ఎండెక్కాక అంటే ఎన్నింటికి? 7:30కి బస్సులు, స్కూలు వ్యాన్లు రోడ్డెక్కుతాయి. నువ్వు చెప్పిన మూత అప్పటికి పూర్తిగా లేవదు, దాని కిందికి కొత్త పొగ చేరుతుంది. అది ఇంకా అన్యాయం కదా? పైగా మా ఆవిడ 7 గంటలకల్లా డ్యూటీకి వెళ్తుంది, పిల్లల టిఫిన్ బాక్సులు నావి. నాకున్నది 5 నుంచి 6:15 వరకే. వేళ మార్చమంటే నాలాంటివాళ్లు మానేయడమే. దసరాకి 20 మందిమి ఉండే బ్యాచ్ ప్రతి ఏడూ సంక్రాంతికి ఆరుగురవుతుంది. రెండు మూడు వారాలు ఆపితే దమ్ము ఎలా తగ్గుతుందో అందరికీ తెలుసు.

నార్సింగి సైకిల్:
మాకు గాలితో పాటు చూపు కూడా సమస్యే. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సోలార్ కప్పు ట్రాక్ ఉంది కాబట్టి సరిపోయింది. మంచు పట్టిన రోజున లైటున్నా సరే మామూలు రోడ్డెక్కను. చేతులు కొంకర్లు పోతే బ్రేకు పట్టు దొరకదు, గ్లౌజులు తప్పనిసరి.

మెహిదీపట్నం నుంచి:
నాకు చిన్నప్పటి నుంచీ ఆయాసం. "చలిగాలి తగిలితే పిల్లికూతలు వస్తాయే" అని అమ్మ పోరుతూనే ఉండేది. ఆమె మాట నిజమే. చల్లటి పొడిగాలి ఒక్కటే చాలు, శ్వాసనాళాలు బిగుసుకోవడానికి. అందుకే మొదటి 15 నిమిషాలు నడకే, డాక్టరు చెప్పినట్టు ముందే ఇన్‌హేలర్. రాత్రి పడుకోబోయే ముందు, లేవగానే జూపార్క్ స్టేషన్ గాలి నాణ్యత సూచీ చూస్తాను. 100 లోపుంటే అనుకున్న పరుగు, 200 వరకు నెమ్మదిగా, తక్కువ దూరం. 200 దాటితే అది ప్రభుత్వ లెక్కలోనే "పూర్". ఆ రోజు ఇంట్లోనే స్క్వాట్లు, స్కిప్పింగ్. గుడ్డ మాస్కులను నమ్మకండి, గాలిలోని అతిసన్నటి ధూళి (పీఎం 2.5) వాటికి ఆగదు. ఎన్-95 వేసుకుని వేగంగా పరుగెత్తడం నావల్ల కాలేదు.

లాంగ్‌రన్ కూకట్‌పల్లి:
ఐదింటి బ్యాచ్ తమ్ముడూ, 7:30 సంగతి ఒప్పుకుంటున్నాను, అక్కడ నేను సరిగ్గా ఆలోచించలేదు. వారం మధ్యలో నీ గంట పరుగు 5 గంటలకే కానివ్వు, కాకపోతే రోడ్డు పక్కన వద్దు, చెట్లున్న పార్కు లోపల. నేను పట్టుబట్టేది మూడు గంటలపాటు సాగే ఆదివారం పరుగు గురించే. దాన్ని మధ్యాహ్నం 3 గంటలకి మారుద్దాం. నేల వేడెక్కి గాలి బాగా కలిసిపోయే వేళ అది, రోజు మొత్తంలో సాధారణంగా పొగ పలచబడేది అప్పుడే. ఎండ ఉంటుంది, 28 డిగ్రీల దాకా. ఉండనీ. ముంబైలో చివరి 10 కిలోమీటర్లు మనలాంటి వాళ్లం ఉక్కపోతలోనే కదా పరుగెత్తేది, ఒంటికి ముందే అలవాటవుతుంది.

ఐదింటి బ్యాచ్:
ఆదివారం 3 గంటలకైతే వస్తా, పిల్లల్ని అత్తయ్య చూసుకుంటారు. గండిపేట వైపు పెట్టు, నెక్లెస్ రోడ్డు వద్దు. బుధవారం ఐదింటిది మాత్రం నేను కదపను.