ఒగ్బెచేను హైదరాబాద్ వాడు అనవచ్చా?

గచ్చిబౌలి_గ్యాలరీ:
మొన్న ఇంకొక చర్చలో ఒక సభ్యుడు నైజీరియా ఫుట్‌బాల్ స్ట్రైకర్ బార్తలోమ్యూ ఒగ్బెచేను "రెండేళ్ళకు అద్దెకు వచ్చిన ఆటగాడు" అన్నారు. ఆ మాటకు అక్కడే బదులు చెప్పకుండా ఇక్కడ విడిగా రాయడానికి కారణం ఉంది. 2021–22లో మన హైదరాబాద్ ఎఫ్‌సీ ఐఎస్‌ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) గెలిచినప్పుడు ఆయన 20 మ్యాచ్‌లలో 18 గోల్స్ చేశాడు. ఒక సీజన్‌లో 18 గోల్స్ అన్నది అంతకుముందు గోవా జట్టులో కోరో నెలకొల్పిన రికార్డు, దానిని ఈయన 37 ఏళ్ళ వయసులో సమం చేశాడు. అంతకు రెండేళ్ళ ముందు, మొదటి సీజన్‌లో, మన జట్టు పట్టికలో అట్టడుగున ఉంది. ఆ స్థితి నుంచి కప్పు దాకా వచ్చిన ప్రయాణంలో ఎక్కువ బరువు మోసిన మనిషిని పరాయివాడిగా చూడడం నాకు మింగుడుపడడం లేదు.

ఆఫ్‌సైడ్_శాస్త్రి:
18 గోల్స్ సరే. కప్పు గెలిచిన ఫైనల్లో ఆయన చేసినవి ఎన్ని?

గచ్చిబౌలి_గ్యాలరీ:
ఒక్కటీ చేయలేదు. కేరళ మీద 88వ నిమిషంలో సాహిల్ తవోరా స్కోరు సమం చేశాడు, షూటౌట్‌లో గోల్‌కీపర్ కట్టిమని మూడు పెనాల్టీలు ఆపాడు. కానీ ఆ ఫైనల్ దాకా తీసుకువచ్చింది ఎవరు? రెండు మ్యాచ్‌ల సెమీఫైనల్ మొదటి అంచెలో ఏటీకే మోహన్ బగాన్ ముందే గోల్ కొట్టి ఆధిక్యంలో ఉండగా, విరామానికి కాస్త ముందు సమం చేసినవాడు ఒగ్బెచేయే. చివరికి ఆ అంచె 3–1తో మనదైంది.

లాల్‌బజార్_పాతకాపు:
నాకు ఆ ఆటగాడి మీద కోపం లేదు. నా బాధంతా "మన" అన్న మాటతోనే. ఈయన నార్త్ ఈస్ట్ జట్టుకు 12, కేరళకు 15, ముంబైకి 8 గోల్స్ చేసి ఆ తరువాత మన దగ్గరకు వచ్చాడు. ఐదు సీజన్లలో నాలుగు జట్లు మారిన మనిషిని ఏ ఊరివాడని అంటాము? ఈ ఊరికి అసలైన ఫార్వర్డ్ కావాలంటే అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరామ్ ఉన్నాడు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద, పెరూ మీద గోల్స్ చేసినవాడు. 2023లో ఆయన పోయినప్పుడు ఇక్కడ ఎంతమంది నాలుగు మాటలు రాశారో వెనక్కి వెళ్ళి చూసుకోండి. ఒగ్బెచే వీడ్కోలుకు వచ్చిన పోస్టులలో పదో వంతు కూడా లేవు.

కూకట్‌పల్లి_కీపర్:
ఇద్దరినీ తలుచుకోవచ్చు కదండీ, పోటీ ఎందుకు?

ఆఫ్‌సైడ్_శాస్త్రి:
బలరామ్ స్ట్రైకర్ కాదు, ఇన్‌సైడ్ లెఫ్ట్, అంటే స్ట్రైకర్‌కు ఎడమ పక్కన కాస్త వెనక ఆడేవాడు. పోలికే సరిగా లేదు. పైగా 2023 మార్చిలో కోల్‌కతా సాల్ట్‌లేక్‌లో మోహన్ బగాన్‌తో సెమీఫైనల్ రెండో అంచె షూటౌట్‌కు వెళ్ళినప్పుడు ఒగ్బెచే పెనాల్టీ గోల్‌పోస్టుకు తగిలింది. అది పడి ఉంటే వరుసగా రెండో ఫైనల్ ఆడే అవకాశం మిగిలి ఉండేది. ఆ సంగతి ఎవరూ ఎత్తడం లేదు.

గచ్చిబౌలి_గ్యాలరీ:
శాస్త్రిగారూ, అదే షూటౌట్‌లో మన సివేరియో పెనాల్టీని వాళ్ళ గోల్‌కీపర్ విశాల్ కైత్ ఆపాడు. అయినా మూడేళ్ళుగా మీరు ఒక్కరి తప్పునే మోస్తున్నారు. 2022 జనవరిలో ఈస్ట్ బెంగాల్ మీద 4–0తో గెలిచిన మ్యాచ్‌లో ఈయన చేసిన హ్యాట్రిక్ మీ పద్దులో ఎందుకు ఎక్కలేదు?

ఇక పాతకాపుగారికి. మీరు బలరామ్ పేరు ఎత్తారు కాబట్టి అడుగుతున్నాను. ఆయన 1957లో ఈస్ట్ బెంగాల్‌కు వెళ్ళిపోయాడు. క్లబ్ ఫుట్‌బాల్‌లో ఆయన పేరు మోగింది కోల్‌కతాలో, స్థిరపడింది బెంగాల్‌లో, కన్ను మూసింది కూడా అక్కడే. జట్టు మారినందుకు ఒగ్బెచే అద్దె ఆటగాడైతే, ఊరే విడిచి వెళ్ళిన బలరామ్ ఏమవుతాడు?

లాల్‌బజార్_పాతకాపు:
ఆ రెండింటినీ ఒకే గాటన కట్టడం అన్యాయం. బలరామ్ పేద ఇంట్లో పుట్టిన కుర్రవాడు, ఆటతో బతకాలంటే ఆ రోజుల్లో కోల్‌కతా రైలు ఎక్కక తప్పేది కాదు. అప్పుడు హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదుసార్లు బొంబాయిలో జరిగే రోవర్స్ కప్పు పోటీ గెలిచింది. అంతటి ఆట ఉన్న ఊరు కూడా పోలీసు ఉద్యోగం దొరకని ఆటగాడికి అన్నం పెట్టలేకపోయింది. నేను అదే ఊళ్ళో 1980లలో జిల్లా స్థాయి దాకా ఆడినవాడిని. ఎంపిక రోజున నా బూట్లు చూసి ఒక పెద్దమనిషి నవ్వాడు, జాబితాలో నా పేరు రాలేదు. ఆ నవ్వు నాకు ఇప్పటికీ గుర్తుంది. ఇక్కడివాళ్ళకు ఆడే చోటు లేకుండా చేసి, బయటివాళ్ళను కోట్లు పోసి తెచ్చుకుని, వాళ్ళ పేర్ల జెర్సీలు తొడుక్కుని "మన జట్టు" అంటే నాకు ఒళ్ళు మండుతుంది.

కూకట్‌పల్లి_కీపర్:
మీ బూట్లను చూసి నవ్వినవాడు ఒగ్బెచే కాదు కదా.

లాల్‌బజార్_పాతకాపు:
కీపర్‌గారు వెటకారం మానుకుంటే మంచిది. నేను మీ వయసులో ఉన్నప్పుడు పెద్దలతో ఇలా మాట్లాడలేదు.

గచ్చిబౌలి_గ్యాలరీ:
మీ మాటలో బాధ ఉంది, దానిని నేను కాదనడం లేదు. కానీ నా సంగతి కూడా వినండి. మనము కప్పు గెలిచిన సీజన్ మొత్తం కోవిడ్ కారణంగా గోవాలోనే జరిగింది. ఒగ్బెచే చేసిన ఆ 18 గోల్స్‌లో ఒక్కటి కూడా నేను కళ్ళారా చూడలేదు, అన్నీ టీవీలోనే. తరువాతి సీజన్‌లో జట్టు గచ్చిబౌలికి వచ్చినప్పుడు మొదటిసారి చూశాను. అక్కడ గ్యాలరీకి, మైదానానికి మధ్య పరుగు పందాల ట్రాక్ ఉంటుంది కాబట్టి ఆటగాళ్ళు చాలా దూరంగా, చిన్నగా కనిపిస్తారు. ఆయన నడుము మీద చేతులు పెట్టుకుని, పొలం గట్టు మీద నిలబడ్డ రైతులా, బంతి ఎటు పోతున్నా పట్టనట్టు మెల్లగా నడిచేవాడు. నా పక్కన కూర్చున్నాయన "ముసలాడికి ఊపిరి ఆడటం లేదు" అని నవ్వాడు. మరు నిమిషంలో బంతి గోల్ ముందరి పెనాల్టీ పెట్టెలోకి రాగానే ఆయన రెండే రెండు అడుగులు వేశాడు. డిఫెండర్ తల తిప్పేలోపు బంతి వలలో ఉంది. నవ్విన మనిషి లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు. ఆ ఏడాది 10 గోల్స్, ఐఎస్‌ఎల్‌లో మొత్తం 63. తరువాత ఛెత్రీ దాటేదాకా లీగ్‌లో అంతకు మించినవాడు లేడు. నేను డబ్బు పెట్టి టికెట్ కొని, మెట్రో దిగి, ఆటోవాడితో బేరమాడి వెళ్ళి చూసిన ఆట అది. దానిని నాది అనుకోవడానికి ఇంకొకరి అనుమతి కావాలా?

ఆఫ్‌సైడ్_శాస్త్రి:
ఆ రోజు గ్యాలరీలో సగం కుర్చీలు ఖాళీ.

లాల్‌బజార్_పాతకాపు:
శాస్త్రిగారు చెప్పకనే చెప్పారు. సగం ఖాళీ కుర్చీల ముందు ఆడిన జట్టు అది. పుణె క్లబ్ మూతపడితే ఆ చోటులోకి 2019లో వచ్చింది, 2025లో ఢిల్లీకి వెళ్ళి పేరు మార్చుకుంది. మీ ఒగ్బెచే నాలుగు జట్లు మారాడని నేను తప్పుపట్టాను. నిజానికి జట్టే ఊరు మారింది. 2023–24లో ఆటగాళ్ళ బకాయిలు తీర్చలేక కొత్తవారిని చేర్చుకోకుండా నిషేధం పడి, అట్టడుగుకు జారినప్పుడు ఈ ఊళ్ళో ఒక్కరు రోడ్డు మీదకు రాలేదు. నా అసలు కోపం ఆయన మీద కాదని రాస్తూ ఉంటే నాకే తెలుస్తోంది. ఊరికి జట్టు లేదు. ఉన్నప్పుడు ఊరు పట్టించుకోలేదు.

గచ్చిబౌలి_గ్యాలరీ:
అయితే ఒక్క మాట అడుగుతాను. ఆ రోజుల్లో మీరు ఎన్ని మ్యాచ్‌లకు వచ్చారు?

లాల్‌బజార్_పాతకాపు:
రెండింటికి. రెండోసారి విరామంలోనే వెళ్ళిపోయాను.

కూకట్‌పల్లి_కీపర్:
నేను అన్నింటికీ వచ్చాను. జట్టు వెళ్ళిపోయాక మా ఆఫీసులో ఒక్కరు కూడా ఆ సంగతి ఎత్తలేదు. పసుపు జెర్సీ వేసుకుని వెళితే "ఐపీఎల్‌లో చెన్నై అభిమానివా?" అని అడిగారు. ఈ రోజుకు ఆ జెర్సీ ఇంట్లో బీరువాలోనే ఉంది, వెనక ఆయన పేరు సగం ఊడిపోయింది.

గచ్చిబౌలి_గ్యాలరీ:
ఇస్త్రీ పెట్టె తగిలించకండి, లోపలి వైపు తిప్పి చేత్తో ఉతకండి.

ఆఫ్‌సైడ్_శాస్త్రి:
అన్నీ బాగానే ఉన్నాయి. కానీ ఆ పెనాల్టీ పోస్టుకు తగిలిందా, లేదా?